నూటపదహారు రుమాళ్ళు

వరదాపురంలో ప్రపంచ సినిమా చూసేవాళ్ళు పద్దెనిమిది మంది. పందొమ్మిదో మనిషి ఉండేవాడు గానీ, ఆయన వస్తున్నది ఫ్యాను కింద నిద్రపోవడానికని తేలడంతో నాంచారయ్య మాస్టారు లెక్కలోంచి తీసేశారు.

మాస్టారు ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. గోడకు ప్రపంచపటం తగిలించి కర్రతో కొండలూ నదులూ చూపించడమే గానీ, ఆయన స్వయంగా విజయవాడ దాటి వెళ్ళింది రెండుసార్లు. రెండుసార్లూ పెళ్ళిళ్ళకే. ఆ కొరత తీర్చుకోవడానికి దిక్సూచి ఫిల్మ్ క్లబ్ పెట్టి, ఆదివారం ఆదివారం పురమందిరంలో ఏదో ఒక దేశపు సినిమా వేస్తున్నారు. మాటలన్నీ తనే తెలుగులో రాసి తెర కింద అక్షరాలుగా వచ్చేట్టు చేస్తారు. ఆ తెలుగు మరీ పాఠ్యపుస్తకంలా ఉంటుందని కిట్టనివాళ్ళు అంటారు. ఒక దొంగ చేత "కదలితివా, కాల్చెదను" అనిపించిన మాట నిజమే.

మిషను నడిపేది ఖుద్దూస్. నలభై ఏళ్ళు ఊళ్ళో పెద్ద థియేటర్లో ఆపరేటరుగా పనిచేశాడు. ఆ థియేటరు ఇప్పుడు టైల్స్ దుకాణం. అన్నేళ్ళలో కొన్ని వేల ఆటలు నడిపాడు గానీ, హాల్లో సీట్లో కూర్చుని ఒక్క సినిమా మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. గోడలో జానెడు కంత, దాన్లోంచి కనపడినంతే సినిమా. అదైనా రీలు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. పోనీ క్లబ్బులోనైనా చూద్దామంటే, వీళ్ళ పాత ప్రొజెక్టరు వేడెక్కి ఆగిపోతుంది. పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండాలి.

ఆ ఖుద్దూస్ ఇప్పుడు కూతురి దగ్గరికి బళ్ళారి వెళ్ళిపోతున్నాడు. సోమవారం పొద్దున్నే బస్సు. అందుకే మాస్టారు ముందురోజు ఆదివారానికి ఒక చిన్న చిత్రోత్సవం పెట్టారు. ప్రయాణాల మీద తీసిన సినిమాలు అయిదు, అయిదు దేశాలవి. అన్నిటికంటే చివర ఒక ముసలి బస్సు డ్రైవరు కథ. రిటైరైన మర్నాడు అతను తను నడిపిన బస్సులోనే ప్రయాణికుడిగా ఎక్కి, ఇన్నేళ్ళూ ఎదురుగా చూసిన దారిని పక్క కిటికీలోంచి చూస్తాడు. ఆ సినిమా ఎవరి కోసం ఎంచారో మాస్టారు ఎవరికీ చెప్పలేదు.

"ఆఖరి ఆట నువ్వు సీట్లో కూర్చుని చూడాలి ఖుద్దూస్. మిషను దగ్గర నేనుంటా."

"మీరా? విసరడమంటే మీరనుకున్నంత సులువు కాదు మాస్టారూ. గట్టిగా విసిరితే దుమ్మంతా లోపలికి పోద్ది."

"నేర్చుకుంటాలే. ఏ సీటు కావాలో చెప్పు."

ఖుద్దూస్ చాలాసేపు ఆలోచించాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఆలోచించి ఉండడు.

"ఆరో వరస. మధ్యలో" అన్నాడు.

అక్కడితో అంతా సవ్యంగా జరిగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పోస్టరు అంటించిన మూడో రోజున జిల్లా సంచార వికాస కార్యాలయం నుంచి మాస్టారికి పిలుపు వచ్చింది. జనం ఇళ్ళల్లో కూర్చోకుండా నాలుగు చోట్లకూ తిరిగేట్టు చూడటం ఆ కార్యాలయం పని. పోయిన ఏడు పురమందిరాన్ని కూడా దాని కిందే చేర్చారు. అధికారి గరుడాచలం గారి బల్ల మీద పోస్టరు పరిచి ఉంది, చుట్టూ ఎర్ర ఇంకు గీత.

"యాత్రా చిత్రోత్సవం" అని చదివారాయన. "అయిదు దేశములు. ఒకే దినము. దీనికి ప్రయాణ నిర్వాహకులుగా తమరు అనుమతి పొందారా?"

"సినిమాలండీ అవి."

"సినిమాలని కార్యాలయం గమనించింది. అయితే కొత్త నిబంధన చిత్తగించండి." గరుడాచలం గారు కళ్ళజోడు సర్దుకుని ఒక కాగితం ఎత్తారు. "'ప్రయాణము ప్రధాన విషయముగా గల సమస్త కార్యక్రమములు ప్రయాణములుగానే పరిగణింపబడును.' గమనించారా? సమస్త అన్నారు. సినిమాలు మినహా అనలేదు."

"జనం కుర్చీల్లోంచి కదలరండీ."

"విమానంలో మాత్రం కదులుతారా?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏ పిల్లవాడూ మాస్టారిని ఇంత తిరుగులేని ప్రశ్న అడగలేదు.

"కావున చూడవచ్చే వారందరూ యాత్రికులు. ఒక్కొక్క చిత్రం ఒక్కొక్క ప్రయాణం. ప్రతి ప్రయాణానికీ ప్రతి యాత్రికుడూ విడిగా పత్రం నింపి, గుర్తింపు చూపి, ముద్ర వేయించుకోవాలి. బయల్దేరే వేళలు మార్చడానికి వీల్లేదు. తమ మిషను నడిపే వ్యక్తి చోదకుడుగా పరిగణింపబడతాడు." ఆయన గొంతు కాస్త తగ్గించారు. "మరొక విషయం. మా పాత ఫైళ్ళకు చోటు చాలడం లేదు. ఒకటో తారీఖు నుంచి పురమందిరంలోకి తరలించాలని ప్రతిపాదన ఉంది. తమ ప్రయాణాల్లో ప్రతి ఒక్కదానిలో ఎనభై శాతం సీట్లు నిండినచో ఆ ప్రతిపాదన విరమించబడుతుంది. బయల్దేరిన పది నిమిషాలకు నేనే స్వయంగా లెక్కిస్తాను."

పురమందిరంలో సీట్లు నూటపదహారు. కట్టించిన దాత ఎవరో శుభంగా ఉంటుందని అన్నే వేయించాడట. ఎనభై శాతం అంటే తొంభై మూడు. క్లబ్బుకు వచ్చేది పద్దెనిమిది. మాస్టారు ఇంటికి నడుస్తూ దారి పొడవునా ఆ తీసివేత చేస్తూనే ఉన్నారు, ఎన్నిసార్లు చేసినా డెబ్బై అయిదే తేలుతోంది. క్లబ్బు పోయినా ఏదో సర్దుకోవచ్చు. ఆదివారం ఆటలు సరిగ్గా జరగకపోతే, ఖుద్దూస్ ఆరో వరసలో కూర్చోకుండానే బస్సెక్కేస్తాడు.

కానీ ఆదివారం పొద్దున ఎనిమిదింటికే పురమందిరం కిటకిటలాడింది. మంచి సినిమా అని చెబితే ఇన్నేళ్ళలో రాని మనుషులు, గుర్తింపు కార్డు చూసి గానీ లోపలికి వదలరట అని తెలియగానే వచ్చేశారు. అంత కట్టుదిట్టం చేశారంటే లోపల ఏదో పంచుతున్నారని ఊళ్ళో అనుకున్నారు. ఏం పంచుతారో తెలియక కొందరు సంచులు తెచ్చుకున్నారు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే హాల్లోకి దూరి సీట్లలో కూర్చున్నారు. అప్పుడు సంచార కార్యాలయం గుమాస్తా మణిమాల వరండాలో బల్ల వేసుకుని, ముద్రలూ ఇంకు డబ్బా పేర్చి, "అందరూ బయటికొచ్చి లైన్లో నిలబడండి. ముద్ర వేసుకున్నోళ్ళే లోపలికి" అని కేక వేసింది.

గుడివాడ బస్సులో రోజూ తిరిగే ఊరు అది. కూర్చున్న సీటు వదిలి లేవాల్సివస్తే ఏం చెయ్యాలో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అందరూ జేబుల్లోంచీ బొడ్లోంచీ రుమాళ్ళు తీసి సీట్ల మీద వేసి బయటికి నడిచారు. రుమాలు లేనివాళ్ళు తువ్వాలు వేశారు. మందుల షాపు వీరభద్రం ఎడమకాలి మేజోడు వేశాడు.

తొమ్మిది కాగానే మొదటి సినిమా బయల్దేరింది. వేళ మార్చడానికి వీల్లేదు కదా. వరండాలో మణిమాల తొలి యాత్రికుణ్ణి "తాతగారి పేరు?" అని అడుగుతోంది. ఖుద్దూస్ మిషను నడుపుతూ విసురుతున్నాడు. తెర మీద ఎక్కడో ఒక దేశంలో గొర్రెల మంద ఊరు దాటుతోంది. ఎదురుగా నూటపదహారు ఖాళీ సీట్లు.

తొమ్మిదీ పదికి గరుడాచలం గారు టార్చిలైటు పట్టుకుని హాల్లోకి వచ్చారు. వెనకాలే మాస్టారు, శవం వెనక నడిచినట్టు. గరుడాచలం గారు వరసకో నిమిషం చొప్పున వెలుగు వేసి చూసి, చిట్టా తీసి రాసుకున్నారు.

"నూటపదహారు. నూటికి నూరు" అన్నారు.

మాస్టారికి చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది, తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేరు. "అవి రుమాళ్ళండీ" అనేశారు.

గరుడాచలం గారు టార్చి ఆర్పి, చీకట్లోనే ఆయన వైపు తిరిగారు. ఆయన గొంతులోంచి ఆఫీసు భాష కాసేపు మాయమైంది.

"నేను పన్నెండేళ్ళు గుడివాడ నుంచి వరదాపురం బస్సులో వచ్చి ఉద్యోగం చేశానండీ. ఎండలో, వానలో. ఒక్కనాడూ ఇంకొకరి రుమాలు తీసి కూర్చోలేదు. కాళ్ళు లాగినా సరే నిలబడే వచ్చాను. రుమాలున్న సీట్లో మనిషున్నట్టే. దాన్ని కాదంటే ఈ జిల్లాలో ఒక్క బస్సు కూడా కదలదు." గొంతు సవరించుకుని మళ్ళీ అధికారి అయిపోయారు. "యాత్రికుల ప్రవర్తన సంతృప్తికరం. ఈలలు లేవు, లేవడాలు లేవు."

మాస్టారు ఇంక దిద్దలేదు. ఆయన జీవితంలో తప్పును తప్పుగా వదిలేయడం అదే మొదలు, ఏ మాటకామాటే చెప్పాలి, హాయిగా ఉంది.

సినిమా అయ్యేసరికి లోపలికి చేరినవాళ్ళు పద్దెనిమిది మంది. చివరి అరగంట చూశారు. రెండో దేశానికి మళ్ళీ పత్రం కావాలి కనక వాళ్ళూ బయటికి వచ్చి లైను చివర నిలబడ్డారు.

రెండో సినిమాలో మంచుకొండ ఉంది. అది సముద్రమట్టానికి పద్నాలుగు వేల అడుగులని తెలుసుకుని గరుడాచలం గారు వరండాలో బీపీ చూసే ఏర్పాటు చేయించారు. వీరభద్రానికి నూటయాభై ఉంది.

"తమరికి పూర్తి ఎత్తు అనుమతించలేము. ఇంటర్వెల్ దాకా చూడవచ్చు" అన్నారు.

"నేను రోజూ మాత్ర వేసుకుంటానండీ!"

"కొండ కింద వేసుకుంటున్నారు. పైన వేసుకుని చూశారా?"

మూడోది చేపల పడవ కథ. నది రేవు నుంచి లైఫ్ జాకెట్లు తెప్పించారు, ఆరే దొరికాయి. ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు వేసుకుని సముద్రం చూసి, వెనకవాళ్ళకు ఇవ్వాలని నియమం. నాలుగోది ఎడారి, దానికి ఓఆర్‌ఎస్ పొట్లాలు. జనం లైనులోనే ఇడ్లీలు తెప్పించుకుని తిన్నారు, వియ్యపురాళ్ళు కలుసుకున్నారు, ఒక స్థలం బేరం తెగింది. ప్రతి ఆటకూ పది నిమిషాలకు టార్చి వెలిగింది. ప్రతిసారీ నూటపదహారు.

పురమందిరం దక్కినట్టే. మాస్టారికి ఇక మిగిలింది ఒక్కటే పని.

సాయంత్రం అయిదున్నరకు ఆయన ఖుద్దూస్‌ని వెంటబెట్టుకుని గరుడాచలం గారి ముందు నిలబడ్డారు. "ఈ ఆట ఇతను సీట్లో కూర్చుని చూస్తాడండీ. మిషను నేను చూసుకుంటాను."

"చోదకుడు ప్రయాణికుల్లో కూర్చుంటాడా?" గరుడాచలం గారు కలవరపడ్డారు. "బాధ్యత అప్పగింత పత్రం కావాలి. తమకు లైసెన్సు ఉందా?"

"స్కూటరుది ఉందండీ. గేర్లు లేనిది."

గరుడాచలం గారు క్యాబిన్లోకి వెళ్ళి ప్రొజెక్టరును చుట్టూ తిరిగి చూశారు. "దీనికీ గేర్లు లేవు. అనుమతించడమైనది" అన్నారు.

ఖుద్దూస్ తన ఆకుపచ్చ గళ్ళ రుమాలు తీసుకుని హాల్లోకి వెళ్ళాడు. ఆరో వరస మధ్యలో పొద్దున్నే వేసి ఉంచిన మాస్టారి తువ్వాలు తీసి, అక్కడ తన రుమాలు పరిచాడు, ముడతలు చేత్తో సాపు చేశాడు. బయటికి వచ్చి లైనులో నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. జనం తప్పుకుని, "నువ్వు ముందెళ్ళు ఖుద్దూసూ" అని దారి ఇచ్చారు.

కానీ ఆ ఆటకు మణిమాల పత్రంలో కొత్త గడి చేరింది. పొద్దుటినుంచీ వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చినట్టు రుజువు ఎక్కడుందని గరుడాచలం గారికి మధ్యాహ్నం భోజనం దగ్గర తట్టిందట. తిరుగు ప్రయాణ హామీ అని ఒకటి రాయించారు.

"ఈ ప్రయాణం అయ్యాక మళ్ళీ వరదాపురంలోనే ఉంటావా?" మణిమాల అడిగింది.

"లేదమ్మా. రేపు పొద్దున బళ్ళారి."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రాను. కూతురు దగ్గరే ఇక."

మణిమాల కలం ఎత్తి గరుడాచలం గారి వైపు చూసింది. ఆయన పత్రం తీసుకుని రెండుసార్లు చదివారు. "వెళ్ళి తిరిగి రాననే వ్యక్తిని ఎలా పంపగలము? పరిశీలనలో ఉంచండి."

"అబద్ధం చెప్పాల్సింది బాబాయ్" అంది మణిమాల మెల్లగా. ఆమెకు నిజంగానే జాలి వేసింది. ఖుద్దూస్ వరండా మెట్ల మీద ఒక పక్కగా కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మాస్టారికి ఇదేమీ తెలియదు. ఆరుంబావుకు సినిమా మొదలుపెట్టి, మరీ గట్టిగా కాకుండా విసురుతూ, కంతలోంచి చూశారు. ఆరో వరసలో ఆకుపచ్చ రుమాలు. అయిదు నిమిషాలైంది, రుమాలే. ఆయన వెనక్కి తిరిగి వరండా వైపు కిటికీ తెరిచి తొంగిచూశారు. మెట్ల మీద ఖుద్దూస్ వీపు కనిపించింది. అతని పక్కనుంచి లైను ఆవరణంతా మెలికలు తిరిగి ఉంది. ఎదురుగా ఎత్తయిన ప్రహరీ గోడ, కొత్తగా సున్నం వేసింది, దాని కింది భాగంలో నల్లరంగుతో "ప్రకటనలు అంటించరాదు" అని రాసి ఉంది. బయట చీకటి పడింది.

నాంచారయ్య మాస్టారు చిన్నప్పటినుంచీ బుద్ధిమంతులు. ఎర్ర సిరా గీతను ఎన్నడూ దాటలేదు. ఆ పూట మాత్రం ఆయనకు ఒళ్ళు మండింది. ప్రొజెక్టరును బల్లతో సహా పట్టుకుని గిర్రున తిప్పేశారు.

గోడ మీద బస్సు వచ్చింది. గోడ అంత బస్సు. లైనులో అందరూ ఒక్కసారి అటు తిరిగారు. పిల్లల తల్లులు నేల మీద కూర్చున్నారు, వెనకవాళ్ళు "కూర్చోండి, కూర్చోండి" అన్నారు, లైను మొత్తం ఉన్నచోటే కూలబడింది. ఖుద్దూస్ మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, సరిగ్గా గోడ మధ్యకు ఎదురుగా. మాస్టారి తెలుగు అక్షరాలు ఆ నల్లరంగు రాతకు పైన ఒక్కొక్కటే వెలిగాయి. "నలువది వత్సరములు ముందు చూచితిని. నేడు పక్కకు చూచెదను" అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వలేదు.

ఆరూ ఇరవై అయిదుకు గరుడాచలం గారు హాల్లోకి వెళ్ళి వచ్చారు. ఆయన పని సీట్లతో, తెరతో కాదు. నూటపదహారు రాసుకుని బయటికి వచ్చి, నేల మీద కూర్చున్న జనాన్ని చూసి ఆగిపోయారు.

"వీరెవరు?"

"లైన్లో ఉన్నోళ్ళేనండీ" అంది మణిమాల.

"ముద్రలు పడ్డాయా?"

"ఇంకా లేదండీ."

"అనగా బయల్దేరలేదు." ఆయన చిట్టా తిరగేశారు. "బయల్దేరని వారికి నిబంధనలు వర్తించవు."

చిట్టా మూసి చంకలో పెట్టుకున్నారు. వెళ్ళిపోతారేమో అనుకున్నారంతా. అదే సమయానికి గోడ మీద ముసలి డ్రైవరు బస్టాండులో జనం తోపులాటలో చిక్కుకున్నాడు. తలుపు దగ్గరికి పోలేక, తల మీది టోపీ తీసి, కిటికీలోంచి లోపలి సీటు మీదికి విసిరాడు. ఒక లావుపాటావిడ వచ్చి, టోపీని చూసి, పక్కకు తప్పుకుంది. ఆవరణంతా ఈలలతో దద్దరిల్లింది.

"అక్కడా వేస్తారన్నమాట" అన్నారు గరుడాచలం గారు. ఆయన మణిమాల కుర్చీ లాక్కుని కూర్చుని, ఆట చివరిదాకా లేవలేదు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సినిమా అయిపోయింది. జనం హాల్లోకి వెళ్ళి రుమాళ్ళు తీసుకుని ఇళ్ళకు పోయారు. మాస్టారు మిషను చల్లారబెడుతూ కంతలోంచి చూస్తే, ఆరో వరస మధ్యలో ఖుద్దూస్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెల్ల తెర, దాని మీద ఏమీ లేదు. చాలాసేపు చూశాడు.

"సీటు బాగుంది మాస్టారూ" అని వెనక్కి తిరక్కుండానే కేక వేశాడు. "తెర కొంచెం కుడివైపుకి వాలింది. ఇన్నాళ్ళూ అక్కణ్ణుంచి తెలీనేలేదు చూశారా."

"సరిచేయిస్తాలే" అన్నారు మాస్టారు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. "అయిదు ప్రయాణములందును నూరు శాతం హాజరు నమోదైనందున పురమందిరమును చిత్రప్రదర్శనలకే కొనసాగించడమైనది. యాత్రికులు సీట్లలో చూపిన క్రమశిక్షణ జిల్లాకు ఆదర్శప్రాయము. ఇకమీదట కూడా ఇదే పద్ధతి పాటింపవలెను."

అదే పాటిస్తున్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం రుమాళ్ళు హాల్లో కూర్చుంటాయి, మనుషులు ఆవరణలో కూర్చుని గోడ మీద సినిమా చూస్తారు. ఇప్పుడు రెండు వందల దాకా వస్తున్నారు. గరుడాచలం గారు లోపల లెక్క ముగించుకుని వచ్చి కుర్చీ వేసుకుంటారు.

ఖుద్దూస్ వెళ్ళిన వారానికి మాస్టారు ఫోను చేశారు. "నీ రుమాలు సీట్లోనే మర్చిపోయావు ఖుద్దూస్. పోస్టులో పంపనా?"

"మర్చిపోలేదు మాస్టారూ" అన్నాడు ఖుద్దూస్.

మాస్టారు దాన్ని నెలకోసారి ఇంటికి తీసుకెళ్ళి ఉతికి ఆరేస్తారు. ఆదివారం పొద్దున్నే తెచ్చి ఆరో వరస మధ్యలో పరిచి, ముడతలు సాపు చేస్తారు. కార్యాలయం చిట్టా ప్రకారం ఆ సీటులోని యాత్రికుడు ఇంతవరకూ ఒక్క ఆట కూడా మానలేదు.